గాలి తుపాకీకి ఉప్పుకాగితం

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన్ని వీధి మొత్తం నూనెడబ్బా అనే పిలిచేది. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట సన్నముక్కు నూనెడబ్బా ఉండేది మరి. ముప్పై ఎనిమిదేళ్ల పనిలో ఆయనకి ఒక్కటే పట్టుదల: చేతికొచ్చినదాన్ని ముందు శుభ్రం చెయ్యాలి, రోగం సంగతి తర్వాత. ఆ పట్టుదలే ఆయన కొంప ముంచింది.

భార్య వాళ్ల చిన్నాన్న పోయాక, ఆయన ఇంటి అటక మీద నుంచి గోనెసంచిలో చుట్టిన పాత గాలి తుపాకీ ఒకటి వీళ్లింటికొచ్చింది. చూడగానే ఆవిడ గుర్తుపట్టింది. అది వాళ్ల నాన్నది. సంతల వెంట తిరుగుతూ బెలూన్లు కాల్పించే దుకాణం పెట్టేవాడాయన. ఆవిడకి తొమ్మిదేళ్లప్పుడు దుకాణం సర్దుకుని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. తుపాకీ మాత్రం ఎవరో తెచ్చి చిన్నాన్నకి ఇచ్చినట్టున్నారు. ఎవరిచ్చారో, ఏ ఊరి నుంచి తెచ్చారో, చిన్నాన్న నోరు విప్పకుండానే పోయాడు.

"ఏమండీ, ఎంత పాత మిషనైనా చూసి పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తారుగా. దీన్ని చూసి నాన్న ఆఖరికి ఎక్కడున్నాడో కనుక్కోండి. నేనింకేమీ అడగను," అంది.

నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. "ఓస్, అంతేనా!" అన్నాడు పెద్దమనిషి. అనకుండా ఉంటే ఎంత బాగుండేది!

ఇంకేం, పని మొదలెట్టాడు. గొట్టం మీది తుప్పు వదిలించాడు. అలవాటు కొద్దీ లోపల మిషన్ నూనె పోశాడు. చెక్క పిడి విప్పి, లోపలా బయటా ఉప్పుకాగితంతో రుద్ది, వార్నిష్ వేసి నున్నగా చేశాడు. తుప్పు కింద ఒక ముద్ర, ఒక నంబరు బయటపడ్డాయి. వాటిని రాసుకుని లైబ్రరీకి పోయి వారం రోజులు పుస్తకాలు తిరగేశాడు. సముద్రం అవతల ఒక కార్ఖానాలో, ఎనభై ఏళ్ల కిందట తయారైందని తేలింది. తుపాకీ పుట్టిల్లయితే దొరికింది గానీ, మామగారి జాడ ఇసుమంతైనా లేదు.

లైబ్రరీలో ఎవరో చెబితే దాన్ని తుపాకుల మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ ముసలాయన ఒకసారి పేల్చి చూశాడు. గొట్టంలోంచి పొగ వచ్చింది.

"మిషన్ నూనె పోశావా? ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! లోపల తోలు వాషర్ ఉంటుందయ్యా. దానికి తోలు నూనె రెండు చుక్కలు చాలు. ఇదైతే పేల్చినప్పుడు లోపలి గాలి వేడికి మండి వాషర్‌ని తగలేస్తుంది."

నూనెడబ్బా చెవులు ఎర్రబడ్డాయి. "నాకు కావాల్సింది వేరండీ," అని మామగారి సంగతంతా చెప్పాడు.

"దానికింత తిప్పలెందుకు?" అన్నాడు మేస్త్రీ హుషారుగా. "సంతల్లో తిరిగేవాళ్లు వాషర్ మార్చినప్పుడల్లా ఊరి పేరు, తేదీ చెక్క లోపల మేకుతో గీసుకునేవాళ్లు, మళ్లీ ఎప్పుడు మార్చాలో తెలియడానికి. ఆఖరి వరస చూస్తే సరి." మరలు విప్పి, చెక్కని కిటికీ వెలుగులో పెట్టాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, వేలితో తడిమాడు. తర్వాత నూనెడబ్బా మొహంలోకి చూశాడు.

"దీన్నెవరు రుద్దారు?"

నూనెడబ్బాకి అప్పుడు గుర్తొచ్చింది. గీతలున్నాయి. మురికి పట్టిన గీతలు, నాలుగైదు వరసలు. ఏ వెధవో స్క్రూడ్రైవర్‌తో గీరాడనుకుని, తిట్టుకుంటూ మరీ రుద్దాడు.

ఇంటికొచ్చి దాచలేదు, దాచడం చేతకాదాయనకి. ఉన్నదున్నట్టు చెప్పేసి స్టూలు మీద తల దించుకుని కూర్చున్నాడు. ఆవిడ తిట్టినా బాగుండేది. తుపాకీని ఒళ్లో పెట్టుకుని చెక్క తడిమింది. "నాన్న బొటనవేలు ఆనే చోట ఇక్కడ గుంట ఉండేది. నా వేలు పెట్టించేవాడు," అంది. ఆ గుంటని కూడా ఈయనే చదును చేసేశాడు.

మర్నాడు పొద్దున ఆవిడ కాగితం, పెన్సిల్ తెచ్చి ముందు పెట్టింది. "మీరు కళ్లారా చూశారుగా. గుర్తు తెచ్చుకోండి. ఆఖరి వరస ఒక్కటి చాలు."

గీశాడు. చప్పుడు విని మిషన్ రోగం చెప్పే మనిషి, చూసిన గీతలు చెప్పలేకపోయాడు. రెండో రోజు గీసింది మొదటిరోజు దాన్ని పోలలేదు. మూడో రోజు ఇంకోలా వచ్చింది. ఆవిడ మాత్రం రోజూ తెల్లకాగితం తెచ్చి పెట్టి, పక్కగదిలోకి వెళ్లిపోయేది.

పన్నెండో రోజు ఆయనకి పాడుబుద్ధి పుట్టింది. ఏదో ఒక ఊరి పేరు రాసేస్తే? నమ్ముతుంది. వెళ్లి, నాలుగు కన్నీళ్లు కార్చి వస్తుంది. ప్రాణం కుదుటపడుతుంది. మొదటి అక్షరం రాశాడు కూడా. తలెత్తి చూస్తే, ఆవిడ చెప్పులేసుకుని, బట్టల సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"రోజూ ఇలాగే సర్దుకుని ఉంటున్నానండీ," అంది. "ఏ ఊరు?"

రాసిన అక్షరాన్ని కొట్టేశాడు. "గుర్తు రావట్లేదే," అన్నాడు ఏడుస్తూ.

ఆవిడ సంచి కింద పెట్టి, ఒక్కో చెప్పూ విప్పింది. "పోనీలెండి, రేపు చూద్దాం," అంది.