సరదాకి తీసిన తాళం

అవనిగడ్డలో మా బావమరిదికి హార్డ్‌వేర్ కొట్టుంది. అక్కడ షోకి వేలాడదీసిన తాళాలను వంచిన పిన్నీసుతో తీయడం నాకు పట్టిన కొత్త సరదా. పోయినేడు ఒకరోజు అలా ఒకటి తీసి "చూశావా బావా!" అంటుండగా, మా వీధిలో చేపలమ్మే మంగమ్మ గొళ్లెం కొనడానికొచ్చింది.

"అదే తాళం మా ఇంటికేసొచ్చానండి. మళ్లీ తియ్యండి బాబుగారూ, చూద్దాం."

గొప్పకి పోయి ఇంకా తొందరగా తీశాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"మాది కోడూరని, పగలు ఇంట్లో ఎవరూ ఉండరని తమరికి నేనే చెప్పాను కదండీ..."

"ఒట్టు మంగమ్మా, నేనెవరింటి తాళమూ ముట్టుకోలేదు."

గంపెత్తుకుని బస్సుకి పరుగెత్తింది. మర్నాటి నుంచి మా వీధికి రావడమే మానేసింది.

మంగినపూడి బీచిలో తిమింగలాన్ని గొడుగుతో తరిమానంటే నోరు తెరుచుకుని నమ్మిన మనిషి, నేను చెప్పిన ఆ ఒక్క నిజాన్ని మాత్రం నమ్మలేదు.