యాకమ్మను దాటిపోయిన బొట్టు

మా శకుంతలక్కకు నోరు పెద్దది. వరంగల్ చౌరస్తాలో ఆమె గాజుల దుకాణానికి పోతే గాజుల కంటే మాటలే ఎక్కువ దొరుకుతాయి. మా మహిళా సంఘంలో భర్త పోయిన ఆడవాళ్ల తరఫున కొట్లాడటం ఆమె పని. పెన్షన్ కోసం పోయినవాళ్లను ఆఫీసులో కసిరితే తిరిగి కసరాలి, బతుకమ్మ ఆటలో పక్కకు నెడితే ఆ వాడకట్టునంతా దులపాలి. "పెండ్లి కాకముందు బొట్టు పెట్టుకోలేదా? మొగడు పోతే ఎందుకు తుడవాలె?" అని ఆమె అడిగితే ఊళ్లో పెద్దమనుషులు కూడా తువ్వాల దులుపుకుని లేచిపోయేవాళ్లు.

పర్వతగిరి దగ్గరి పల్లెలో యాకమ్మ అట్లాగే పరిచయమైంది. పత్తి ఏరే కూలికి పోతుంది. భర్త లేడు, ఒక్కతే కూతురు పూజ. పూజకు పెళ్లి కుదిరితే తాను వంటల దగ్గరే ఉంటానని, పందిట్లోకి రానని ముందే చెప్పేసింది. ఆ మాట విన్న శకుంతలక్క వాళ్ల ఇంటి అరుగు మీద నుంచి కదిలితే ఒట్టు.

"కన్నదానివి నువ్వు. నీకంటే ఎక్కువ మంచి కోరేటోళ్లు ఎవలున్నరే? పూజకు తొలి పసుపు నువ్వే పెట్టాలె."

"ఏమన్న అయితే అక్కా?"

"ఏం గాదు. నేను జెప్తాన్న గదా."

పొద్దుగూకేసరికి యాకమ్మ సరేనంది. పూజ తల్లిని పట్టుకుని ఏడ్చేసింది.

పెళ్లికి కొద్ది రోజుల ముందే శకుంతలక్క కోడలు లావణ్యకు సీమంతం జరిగింది. అంతకుముందు కడుపు పోయి, ఎన్నో మొక్కుల మీద నిలిచిన గర్భం అది. అక్క యాకమ్మను కూడా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టింది. కుంకుమ భరిణె పట్టుకుని అక్కే అందరికీ బొట్టు పెడుతూ వచ్చింది. తన వంతు రాగానే యాకమ్మ కళ్లు మూసుకుని మొహం ముందుకు చాపింది.

శకుంతలక్క ఆమెను దాటి, పక్కన కూర్చున్న నాకు బొట్టు పెట్టింది.

ఎవరూ అక్కను ఆపలేదు, వియ్యపురాలు అటు చూడనైనా లేదు. లావణ్య కడుపు మీద చూపు పడిందట, ఇక చెయ్యి ముందుకు పోలేదట. తర్వాత అక్క నా దగ్గరే చెప్పుకుని ఏడ్చింది. యాకమ్మ కళ్లు తెరిచింది. సంగతి అర్థమై, కొంగుతో నుదురు ఒత్తుకుని, "చెమటకు బొట్టు పోయినట్టున్నది" అంది నవ్వుతూ. అక్క పరువు పోకుండా ఆ మాట అంది. నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మళ్లీ పెడదామని తిరిగి వచ్చేసరికి యాకమ్మ వెళ్లిపోయింది.

ఆ తర్వాత అక్క దుకాణం సరిగా తెరవలేదు. యాకమ్మకు ఫోన్ చేయాలంటే సిగ్గు. సంఘం మీటింగులో మాట్లాడమంటే గొంతు బాగాలేదని తప్పించుకుంది. ఎన్నడూ మూతపడని నోరు మూతపడితే నా కోపం కూడా చల్లారింది.

పూజను పెళ్లికూతురిని చేసే రోజు ఇద్దరం పోయాం. యాకమ్మ పందిట్లో లేదు. ఇంటి వెనక పొయ్యి దగ్గర అన్నం వారుస్తోంది. అక్క ఆమె ముందు కూలబడి చేతులు పట్టుకుంది.

"తప్పయింది యాకమ్మా. సిగ్గుతోటి సచ్చిపోతాన్న. నన్ను తిట్టు, గని నువ్వు రా. నీ బిడ్డకు నువ్వే పెట్టు."

యాకమ్మకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

"నిన్నెందుకు తిడతనక్కా? నీ కోడలి కడుపుకు ఏమైతదో అని భయపడ్డవ్. గన్ని ఊర్లు తిరిగి చెప్పినదానివి, నీకే భయమైతే నా బిడ్డకు నేనెట్ల పెట్టాలె?"



ఇంతలో పందిట్లోంచి ఎవరో కేకేశారు. "వరంగల్ అక్క అచ్చిందట గదా, ముత్తైదువ. తొలి పసుపు ఆమెతోనే పెట్టియ్యుండ్లి!" అక్క లేవలేదు. యాకమ్మే ఆమె రెక్క పట్టి లేపి, "పో అక్కా, సల్లగుండాలని పెట్టు" అని పంపింది.

అక్క వెళ్లి పెట్టింది. చెంపలకు పసుపు రాస్తున్నంతసేపూ పూజ ఆమె మొహం చూడలేదు. అమ్మ వస్తుందేమోనని అక్క భుజం మీదుగా వంటల వైపే చూస్తూ కూర్చుంది.