చక్రపాణిగారి తప్పుల రిజిస్టరు

చక్రపాణిగారికి ఒక్కటే జబ్బు. ఏం చెడినా ఫారం నింపమనేవారు. ప్రోగ్రాం ఆగిపోతే ఫారం, లిఫ్టు ఆగిపోతే ఫారం. సాంబారులో ఉప్పెక్కువైందని క్యాంటీన్ రాములమ్మ ముందు కూడా ఓసారి కాగితం పెట్టారు.

"గిది నింపితే ఉప్పు తగ్గుతదా సారూ?"

"ఈసారికి తగ్గదమ్మా. వచ్చేసారికి తగ్గుతుంది."

దిల్‌సుఖ్‌నగర్‌లో మిఠాయి దుకాణం పైనున్న ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే పద్ధతి బాగుచెయ్యడమే ఆయన ఉద్యోగం. యజమాని నాగార్జునకి మాత్రం కావలసింది గోడకి తగిలించే క్వాలిటీ సర్టిఫికెట్. అది వచ్చాక, చక్రపాణిగారు ఏ కాగితం తెచ్చినా చదవకుండా సంతకం గీకేసేవాడు.

ఉద్యమం రోజుల్లో భోజనాల బల్లలు రెండయ్యాయి. చక్రపాణిగారు తెలంగాణ వాళ్ల దగ్గరికి వెళ్తే, గుడివాడ మనిషని మాటలు ఆపేసేవారు. ఆంధ్రా వాళ్ల దగ్గరికి వెళ్తే, ఫారాలకి భయపడి లేచిపోయేవారు. ఆయన కిటికీ దగ్గర నిలబడి, రోడ్డు చూస్తూ తినేవారు. ప్రోగ్రాములు పరీక్షించే నల్గొండ అమ్మాయి యాదలక్ష్మికి ఆ వీపు చూస్తే జాలేసేది. కానీ పిలిచేది కాదు. పిలిస్తే ఫారం ఇస్తారు!

సకల జనుల సమ్మెకి బస్సులు ఆగిపోయాయి. సగం మంది రాలేదు. ఎల్బీనగర్ నుంచి నడిచొచ్చిన యాదలక్ష్మి, ఇద్దరు చెయ్యాల్సిన ఓ ప్రోగ్రాం పరీక్షని ఒక్కతే హడావిడిగా ముగించింది. మర్నాడు ఓ ఆసుపత్రిలో ఆ ప్రోగ్రాం కంటి రోగులందరినీ పళ్ల డాక్టరు దగ్గరికి పంపింది.

"ఎవరు చేశారిది? ఇవాళే ఇంటికి పంపేస్తా!" నాగార్జున అరిచాడు.

చక్రపాణిగారు ఆ ఫారాలన్నీ కలిపి కుట్టిన తప్పుల రిజిస్టరు పట్టుకొచ్చారు. 'అయిపాయె, నా పేరు రాసిండు' అనుకుంది యాదలక్ష్మి.

"బంద్ రోజున ఒక్కరిచేత పరీక్ష చేయించకూడదు, వాయిదా వెయ్యాలని పదకొండుసార్లు రాశానండి. పదకొండిటికీ మీరు ఒప్పుకుని సంతకం పెట్టారు."

నాగార్జున మొదటిసారి చదివాడు. 'తప్పు ఎవరిది' అన్నచోట ప్రతి పేజీలోనూ ఒకటే మాట: 'పద్ధతిది'.

"ఒక్క మనిషి పేరూ లేదేంటండీ?"

"పేరు రాస్తే రేపట్నుంచి దాచేస్తారండి. ఇంక బాగుచెయ్యడానికి ఏం మిగులుతుంది?"

నాగార్జున తన సంతకాలవైపు చూసుకుని గొంతు సవరించుకున్నాడు. "సరే. బంద్ రోజు ఏ ప్రోగ్రామూ పంపొద్దు."

మర్నాడు యాదలక్ష్మి చక్రపాణిగారి గదిలోకి వచ్చింది. "సార్, మొన్న ఇంకో తప్పు గూడ చేసిన. ఎవ్వలు సూడలే. చెప్పాల్నా?"

మూడేళ్లలో తనంతట తాను తప్పు చెప్పుకోవడానికి వచ్చిన మొదటి మనిషి. ఇంటికి చుట్టమొచ్చినట్టు ఆయన గబుక్కున లేచి, ఉన్న ఒక్క కుర్చీ తుడిచి ఆమెకి వేశారు.

"కూర్చోమ్మా! రెండు టీలు తెస్తాను," అంటూ మెట్లవైపు పరుగెత్తి, మళ్లీ తల లోపలికి పెట్టారు. "ఈలోగా మర్చిపోకేం!"