బాకా పెట్టె పక్కన నిద్రపోయినవాడు

ఏళ్లుగా ఒక కంపు మోస్తున్నాను. బరువైతే ఎక్కడో ఒకచోట దించి నడుం పట్టుకోవచ్చు. ఇది దిగదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నా.

నేను నంద్యాలలో డాక్టర్ని. చదివింది చైనాలో. అక్కడ నా గదిలో ఉన్నవాడు ఆళ్లగడ్డ ఓబులేసు. వాళ్ల నాయన చెక్కభజన గురువు. చెక్కలు వాయిస్తూ గుండ్రంగా తిరిగే ఆ ఆటను హాస్టల్లో నాకూ, మరికొందరికీ ఓబులేసే నేర్పాడు.

ఒక ఏడాది సాంస్కృతిక మార్పిడి పేరుతో అమెరికా విద్యార్థుల బ్యాండు మా యూనివర్సిటీకి వచ్చింది. చైనా పిల్లల పాటలు, అమెరికా పిల్లల వాయిద్యాలు, మధ్యలో మా చెక్కభజన. ముందు నిలబడి ఆడించేది ఓబులేసు. కొడుకు ఆట ఫోన్లో చూడ్డానికి వాళ్ల నాయన ఆళ్లగడ్డలో వీధి వీధినంతా చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం విందులో "సీమోడికి అరగనిదేముంది" అని అమెరికా పిల్లల ముందు కోతలు కోస్తూ బాతుకూర మళ్లీ మళ్లీ వడ్డించుకున్నా. కూర తప్పేం లేదు. కోతలే అరగలేదు.

స్టేజి వెనక గదిలో ఓబులేసు అలసిపోయి బెంచీ మీద కునుకు తీస్తున్నాడు. ఇంకెవరూ లేరు. పక్కనే ఒక అమెరికా అమ్మాయి పెద్ద ఇత్తడి బాకా తీసుకుపోగా, దాని పెట్టె తెరిచి ఉంది. లోపలంతా ఎర్ర మఖమల్ గుడ్డ. నాకు కడుపులో తిప్పింది. బాత్‌రూమ్ దాకా పోలేకపోయా. పెట్టె నిండా కక్కేశాను. మూతి తుడుచుకుని బయటికి జారుకుని, అందరితో కలిసి మళ్లీ లోపలికి వచ్చా. అందరికంటే ముందు ముక్కు మూసుకున్నది నేనే.

ఓబులేసు లేచి కూర్చున్నాడు. పెట్టెను చూశాడు, నన్ను చూశాడు.

"నేనేనా ప్పా?"

"నువ్వే. నిద్దట్లో. నేను చూసినా."

ఎందుకన్నాను? నోరు మూసుకుని ఉన్నా సరిపోయేది కదా. సాక్ష్యం చెప్పమని నన్నెవరడిగారు?

వాడు ఆ అమ్మాయికి చేతులు జోడించాడు. ఆ పిల్ల తిట్టలేదు, నీళ్ల సీసా ఇచ్చింది. నడుముకు కట్టుకున్న కొత్త కండువా విప్పి, వాడు ఆ మఖమల్ తుడవడం మొదలుపెట్టాడు. ఒంట్లో బాగాలేనివాడు స్టేజి ఎక్కొద్దన్నారు కార్యక్రమం నడిపే చైనా మేడం. వాడు తన చెక్కలు నా చేతిలో పెట్టాడు.

"నాయన చూస్తాంటాడు. అడుగు తప్పొద్దు."

తప్పలేదు. చప్పట్లు కూడా వచ్చాయి. వంగి దండం పెట్టాను. ఆ చేతులు తలుచుకుంటే వాటి మీద ఉమ్మేయాలనిపిస్తుంది.

చర్చిలో పాస్టరుగారు మనసులోది ప్రభువుకు చెప్పుకోమంటే, పేషెంట్లను కసురుకున్నానని చెప్పి ఆమెన్ అనేస్తా. పెద్దనోటు దాచుకుని చిల్లర వేసే రకం నేను.

పోయిన నెల నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఇద్దరం బస్సులో పోయాం. ఓబులేసు ఇప్పుడు అక్కడే డాక్టరు. చైనాలో ఆ రోజు నుంచి వాడు మళ్లీ చెక్కలు పట్టలేదు. నలుగురిలో కునుకు తీయలేదు. జేబులో మడిచిన ప్లాస్టిక్ కవరు ఎప్పుడూ ఉంటుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చాడేమో, వాడి కళ్లు మండిపోతున్నాయి. కాసేపు పడుకోమన్నాను.

"వద్దులే ప్పా. నా సంగతి చూసినోడివి నువ్వే గదా" అని నవ్వాడు.

నిజం గొంతు దాకా వచ్చింది. మింగేశాను. ఆ తర్వాత వాడి భుజం మీద తల వాల్చి నేను నిద్రపోయాను. హాయిగా.

ఇంతే. మీకు చెప్పేశాను, వాడికి కాదు. ఒళ్లు తేలికైంది. ఆ రోజూ ఇట్లాగే తేలికైంది. తుడిచింది వాడు.