పిడుల్లేని వంటిల్లు

మా బుజ్జిది అడుగులు వేయడం నేర్చుకున్న ఆ రోజుల్లో నాకు లోకమంతా అంచులుగా, మూలలుగా కనిపించేది. ఎవరింటికి వెళ్ళినా మనుషుల ముఖాలకంటే ముందు బల్లల కోణాలు చూసేదాన్ని. దాన్ని భయమని ఒప్పుకునేదాన్ని కాదు, శాస్త్రం అనేదాన్ని. (డిగ్రీలో ఫిజిక్సు చదివాను మరి.) ఉక్కునగరం క్వార్టర్లో ఉండగా ఒక సాయంత్రం అది పరుగెత్తుకొచ్చి వంటింటి సొరుగు పిడికి నుదురు కొట్టుకుంది. నేరేడుపండంత బొప్పి కట్టింది. అది ఐదు నిమిషాల్లో మరిచిపోయింది, నేను మరవలేదు. సీతమ్మధారలో మేం కొనుక్కున్న ఫ్లాటుకి వంటింటి పని మొదలవగానే, వడ్రంగి నిలబెట్టిన చెక్కకి పిల్లని ఆనించి నుదురు ఎత్తున పెన్సిలుతో గీత గీశాను. పిడులు వచ్చే చోటు సరిగ్గా అక్కడే. అంతే, మా వంటింట్లో ఒక్క పిడి కూడా ఉండదని తీర్మానించేశాను.

వన్‌టౌన్ నుంచి వచ్చే మా వడ్రంగి భాయ్ టేపు కింద పెట్టేశారు. "పిడి నేకపోతే తలుపెలాగ తీత్తారు మేడంగారూ? మంత్రం ఏసేత్తారేటి?" అన్నారు. నొక్కితే తెరుచుకునే క్లిప్పులుంటాయని ఫోన్లో చూపించాను. "ఫోన్లో అన్నీ బాగానే ఉంటాయమ్మా" అని నిట్టూర్చారు. మావారిది వేరే బాధ. "స్టీలు ప్లాంటువాడి ఇంట్లో స్టీలు హ్యాండిల్ లేదంటే మా షిఫ్టులో నవ్విపోతారు" అన్నారు. ఈ ఊరి ఉప్పుగాలికి మీ స్టీలు రెండేళ్ళలో తుప్పు పడుతుందన్నాను. ఆయన అలిగి మూడు రోజులు క్యాంటీన్లోనే తిన్నారు. (తనని ఏమన్నా పడతారు గానీ స్టీలుని అంటే ఊరుకోరు.) ఇక ఆనందపురం నుంచి దిగిన మా అత్తగారు అలమారాల చుట్టూ ఒకసారి తిరిగి, "పిడి నేకపోతే మసిగుడ్డ ఎక్కడ ఆరేత్తావే?" అన్నారు. అందరి అభ్యంతరాల్లోకీ అదొక్కటే అసలైనది. అందుకే వినిపించనట్టు భాయ్‌కి కొలతలు చెప్పడం మొదలుపెట్టాను.

"సరే, నీ ముచ్చట నీది. పాలు పొంగించిన్నాడు సూత్తాం. సక్కగా ఉందా, నాను నోరెత్తను. నేదా, మర్నాడే పిడులు బిగింపించేత్తాను" అన్నారావిడ. "అలాగే అత్తయ్యా" అన్నాను, తల కొంచెం ఎక్కువే ఎత్తి. ఆ ఊపులోనే వంటగట్టు గ్రానైటు అంచుని గుండ్రంగా అరగదీయించాను. వేడివేడిది ఏదొలికినా పిల్ల మీద పడకుండా ముందు అంచు కాస్త ఎత్తు చేయించి, గట్టంతా సింకు వైపు వాలేలా వాటం ఇప్పించాను. మేస్త్రి బిందెడు నీళ్ళు పోసి, చుక్క మిగలకుండా సింకులోకి పోతాయని చూపించేదాకా వదల్లేదు.

గృహప్రవేశం నాడు పాలు తూర్పుకే పొంగాలని మా అత్తగారివైపు గట్టి పట్టింపు. అది చూడ్డానికి పదిమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా గట్టుకి ఆనుకున్నారు. ఆనుకున్నా ఆ క్లిప్పులు నొక్కినట్టేనని నా ఫిజిక్సుకి ముందు తట్టలేదు. టక్‌మని మొదటి తలుపు తెరుచుకుని మా పెద్దాడపడుచు మోకాలికి తగిలింది. ఆవిడ దాన్ని మోకాలితోనే మూయబోతే పక్కది టక్. వెనక్కి జరిగి ఎదురుగా ఉన్న సొరుగులకి ఆనుకుంటే అక్కడా టక్. "ఓలమ్మో, ఇంట్లో ఏటో ఉందే!" అని ఆవిడ కేక. బుజ్జిదానికి పండగే, బొజ్జతో ఒక్కొక్క తలుపునీ గుద్ది తెరుస్తోంది. అందరూ కిందికి వంగి తలుపులు పట్టుకునే పనిలో ఉండగా పాలు పొంగేశాయి. తలలెత్తేసరికి, నేను ఇప్పించిన వాటం మీదుగా ఆఖరి చుక్కతో సహా సింకులోకి వెళ్ళిపోయాయి.

"ఎటు పొంగేయి?" అన్నారు అత్తగారు. మావారు రెండు చేతులతో రెండు తలుపులు పట్టుకుని గోడకేసి చూస్తున్నారు.

"తూర్పుకే అత్తయ్యా. నేను చూశాను."

"నువ్వు కిందకి సూడనేదేటి?"

"నేనెందుకు చూస్తాను? తలుపులు తెరుచుకుంటాయని నాకు ముందే తెలుసుగా!"

నిజానికి నేను పాలూ చూడలేదు, తూర్పూ చూడలేదు. ఆ తలుపుల మధ్య పరుగెత్తుతున్న నుదుటినే చూస్తున్నాను. (తెరిచిన తలుపు మూల కూడా అదే ఎత్తుకి వస్తుందని అప్పుడే తెలిసింది.)

మర్నాడు పొద్దున్నే భాయ్ వచ్చారు. "పిడులు తెచ్చేవా?" అన్నారు అత్తగారు. నేను అలమారాలకి వీపు ఆనించి నిలబడి, "పిడి పెడితే ఈ వంటింట్లో పొయ్యి వెలిగించను" అన్నాను. వెనకాల టక్‌మని తలుపు తెరుచుకుని నన్ను రెండడుగులు ముందుకు నెట్టింది. అయినా తల దించలేదు. భాయ్ నవ్వాపుకుని, "పెద్దమ్మా, ఈ క్లిప్పులు పీకేసి తలుపు పై అంచుకి వేళ్ళు పట్టేంత గాడి తీసేత్తాను. పిడీ ఉండదు, పేచీ ఉండదు" అన్నారు. సాయంత్రానికి ఒక తలుపు చేసి చూపించారు. అత్తగారు తీసి, వేసి, మళ్ళీ తీసి, మసిగుడ్డ తెచ్చి ఆ గాడిలో దోపారు. "ఆరుద్దిలే" అన్నారు. ఇప్పటికీ చుట్టాలతో, "మా కోడలింట్లో పాలు తూర్పుకే పొంగేయి" అని చెబుతుంటారు. నేను ఆ సమయానికి గుడ్డ సర్దుకుంటూ ఉంటాను.

బుజ్జిదిప్పుడు బడికి వెళుతోంది. నుదుటి మీద రెండు కుట్లు కూడా పడ్డాయి, బడి గేటు దగ్గర. ఆ గేటుకి పిడి కూడా లేదు. అయినా సరే, మా వంటింట్లో పిడి పెట్టించను. మొన్న "మనింట్లోనే ఎందుకు లేవమ్మా?" అనడిగితే అలమారా లోపల ఆ పెన్సిలు గీత చూపించాను. నమ్మలేక దాని ముందు చతికిలబడి, గీతకి నుదురు ఆనించి, "నేను ఇంతేనా!" అని పకపకా నవ్వింది. పెన్సిలు పట్టుకుని ఊరందరితో పేచీ పెట్టుకున్న ఆనాటి పిచ్చితల్లి గుర్తొచ్చి నేనూ నవ్వాను. బుజ్జిది నవ్వుతూనే లేవబోయింది. అంత పట్టుబట్టి గుండ్రంగా అరగదీయించిన ఆ గ్రానైటు అంచు కిందికి, దాని తలకంటే ముందు, నా అరచెయ్యి వెళ్ళిపోయింది.