కొంగ చెప్పులు

ఇదొక మహాకావ్యం. ఇందులో సముద్రం ఉంది, గాలివాన ఉంది, నోరు విప్పని బాలిక ఉంది అని మొదలుపెడదామనుకున్నాను. నిజం చెప్పాలంటే ఉన్నదల్లా ఒక కొంగ, ఒక జత చెప్పులు, నోరు మూసుకోవడం చేతకాని ఒక పిల్ల. ఆ పిల్లని నేనే. పోయిన ఆదివారం బీరువా అడుగు నుంచి మా మామ్మ అల్లిన రోల్డ్‌గోల్డ్ గొలుసు వెతికి తీశాను. పైపూత పోయింది. పట్టుకున్న వేళ్ళకి అంటిన రాగి వాసన రెండుసార్లు సబ్బు రాసినా వదల్లేదు.

చిలకలపూడిలో నా చిన్నతనమంతా ఆ వాసనే. వేసవి మధ్యాహ్నాలు, మామిడికాయ పప్పుతో అన్నాలు తిని, తాటిముంజల నీళ్ళు గౌన్ల మీద కార్చుకుని, అష్టాచెమ్మాలో దొంగాటలాడి తన్నుకుని, చివరికి అందరం మా అరుగు మీద గోనెపట్టా చుట్టూ చేరేవాళ్ళం. పెద్దవాళ్ళు పట్టకారుతో రింగులో రింగు కలిపి గొలుసు అల్లుతుంటే పిల్లలం రింగులు ఏరి అందించాలి. కూలి మామ్మ చెప్పే కథ. ఆవిడ కథకి ఒకటే చట్టం: ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది, కథ ఆగితే పిల్లల చేతులూ ఆగుతాయి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు పక్కింటి సుగుణత్తయ్య దగ్గరికి దివిసీమ నుంచి ఆవిడ మేనకోడలు రూతు వచ్చింది. నా ఈడుదే. వాళ్ళ నాన్న సముద్రం మీద చేపలవేటకెళ్ళిన పడవ ఆయన లేకుండా తిరిగొచ్చిందట. ఆ రోజు నుంచి రూతు మాట్లాడలేదు. ప్రార్థనలయ్యాయి, డాక్టరయ్యాడు, వీధిలో ప్రతివాళ్ళూ గడ్డం పట్టుకుని బతిమాలడం అయింది. మామ్మ మాత్రం బతిమాలలేదు. "ఇవాళ్టి నుంచి ఊ కొట్టే పని దీనిదే. ఇంకెవరన్నా కొట్టారంటే వీపు పగుల్తది," అంది.

కథ ఒక కొంగపిల్లది. తండ్రి కొంగ చేపల కోసం వెళ్ళింది, ఇంకా రాలేదు. మామ్మ అక్కడ ఆపేది. అరుగంతా ఆగేది. మొదటి మూడు రోజులూ కథ ఒక్క అడుగు కదల్లేదు, గొలుసూ కదల్లేదు. నాలుగో రోజు రూతు గొంతులోంచి సన్నగా "ఊఁ" అని వచ్చింది. సుగుణత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి పరిగెత్తింది.

వారం తిరిగేసరికి ఊలు గట్టిపడ్డాయి. ఒకరోజు మామ్మ రింగుల మీంచి తల ఎత్తకుండానే, "అప్పుడు ఆ కొంగపిల్ల ఏం చేసిందే?" అంది.

రూతు పెదవులు కదిలాయి. "ఒడ్డున... వాళ్ళ నాన్న చెప్పులు..."

ఇన్నాళ్ళకి వచ్చిన నాలుగు మాటలు. అరుగు మీద పట్టకార్లన్నీ ఆగాయి. అంత నిశ్శబ్దం దొరికితే వదిలే రకం కాదు నేను.

"కొంగకి చెప్పులేంటే! ఏ సైజు?"

అందరూ గొల్లున నవ్వారు. మామ్మ పెదవి కూడా కాస్త వంకర తిరిగింది. రూతు నోరు మూసుకుని, రింగులు ఏరడం మొదలుపెట్టింది.

సాయంత్రం సుగుణత్తయ్య మామ్మతో చెబుతుంటే విన్నాను. "పడవెక్కేప్పుడు చెప్పులు ఒడ్డున ఇడిచి, చూస్తుండమ్మా అని దీనికే అప్పజెప్పాడంటండీ." మామ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఏడ్చి, ఆ ఖాతా అక్కడితో మూసేసేదాన్ని.

మర్నాడు నేనే కొంగ కథ ఎత్తుకున్నాను. నా జన్మలో అంత గంభీరంగా ఏదీ చెప్పలేదు. ఎవరూ ఊ కొట్టలేదు. సెలవులయ్యాక వాళ్ళమ్మ వచ్చి రూతుని తీసుకెళ్ళిపోయింది.

పదహారేళ్ళయింది. పోయిన శనివారం గుడివాడలో బందరు బస్సెక్కి, ఫోన్లో ఏదో వాగి నవ్వుతుంటే పక్క సీటామె తిరిగి చూసింది.

"చిలకలపూడి మామ్మగారి మనవరాలివి కదూ? ఆ నవ్వు ఎక్కడున్నా గుర్తుపడతా."

రూతు. పెడనలో చిన్నపిల్లల బడిలో పనిచేస్తోందట. పిల్లలకి కథలు చెబుతుందట. ఎవరైనా అడ్డం పడి నవ్వితే ఊ కొట్టే పని వాళ్ళకే అప్పజెబుతుందట. నేను క్షమాపణ చెప్పడానికి నోరు తెరిస్తే నాలుక చివర ఒక జోకు తయారుగా ఉంది. మింగేశాను.

"కొంగ కథ గుర్తుందా?" అన్నాను.

"సగం దాకా."

"ఊఁ," అన్నాను.

బస్సు గుడ్లవల్లేరు దాటింది, కవుతరం దాటింది.

"ఆ పిల్లకి ఆకలేసింది. చెప్పులు అక్కడే వదిలేసి అన్నానికి ఇంటికెళ్ళింది."

"ఊఁ."

"వచ్చేసరికి చెప్పులు లేవు. అవి లేకే నాన్న ఒడ్డు పోల్చుకోలేకపోయాడనుకుంది."

"ఊఁ."

"చానాళ్ళు అలాగే అనుకుంది. ఆ తర్వాత..."

"పెడన! పెడనోళ్ళు దిగండమ్మా, త్వరగా!" కండక్టరు తలుపు బాదాడు. రూతు సంచి భుజాన వేసుకుంది.

మామ్మ ఇప్పుడు లేదు. అరుగు పగలగొట్టి షెడ్డు వేశారు. రింగులు మిషన్లు కలుపుతున్నాయి, మిషన్లకి ఊ కొట్టే మనిషి అక్కర్లేదు. మిగతా కథేమిటో నాకు తెలియదు. పెడనలో బస్సు రెండు నిమిషాలే ఆగుతుంది.