పాత కోరిక చెల్లదు

తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే పొద్దుటి పాసింజరులో, ఆడవాళ్ళ పెట్టెలో, మాకొక ఆనవాయితీ ఉంది. కొత్త సంవత్సరంలో మొదటి పనిరోజున ఎవరో ఒకరు కేకు తెస్తారు. బండి నిడుబ్రోలు చేరేలోపు సీజన్ టికెట్ వాళ్ళందరూ తలా ఒక కోరిక బయటికి చెప్పాలి. ఒకసారి చెప్పాక, ఏడాది పొడుగునా దాని గురించి అడిగి విసిగించే హక్కు మిగతావాళ్ళకి వచ్చేస్తుంది. దీనికి ఒకటే నిబంధన. నిరుడు చెప్పి నెరవేర్చుకోలేకపోయిన కోరికను మళ్ళీ చెప్పకూడదు. పాత క్యాలెండరుతో పాటు దాన్నీ గోడ మీంచి దించెయ్యాలి. పాత కోరిక చెల్లదు.

ఈ నిబంధన పెట్టింది టీచరమ్మ. ఆవిడది రేపల్లె. చీకటితోనే అక్కడ బండెక్కి, తెనాలిలో దిగి, పరుగున వచ్చి మా బండి పట్టుకుంటుంది. బాపట్లలో పిల్లలకి లెక్కలు చెబుతుంది. ఆవిడ గొంతు లేచిందంటే ప్లాట్‌ఫారం మీద పడుకున్న కుక్కలు కూడా లేచి, ఒళ్ళు విరుచుకుని, అవతలికి వెళ్ళి పడుకుంటాయి. ఆ నిబంధన వల్ల అందరికంటే లాభపడిందీ ఆవిడే. సన్నబడాలన్న కోరిక ఒక ఏడాదితో వదిలిపోయింది. ఇంగ్లీషు నేర్చుకోవాలన్నది మరో ఏడాదితో వదిలిపోయింది. ఏదీ వెంటపడి వేధించలేదు.

నా సంగతి అంతకంటే గొప్పగా ఏమీ లేదు. నేను బాపట్లలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. స్కూటరు నేర్చుకుంటానన్నాను. అది మా ఆయన దగ్గరే ఉండిపోయింది. కోపం తగ్గించుకుంటానని ఒక ఏడు కోరుకున్నాను. దాని గురించి ఎవరు అడిగితే వాళ్ళ మీద ఆ ఏడంతా కోపం తెచ్చుకున్నాను. ఇలా కోరడం, వదిలెయ్యడం, కేకు తినడం మాకు హాయిగా అలవాటైపోయింది. ఆ హాయి చెడగొట్టిన మనిషి ఆపా.

ఆపా అంటే అక్క. తెనాలిలో వాళ్ళ ఇంటి చుట్టుపక్కల అందరూ అలాగే పిలుస్తారు, పెట్టెలో మేమూ అదే పట్టుకున్నాం. భర్త పోయాక ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు. బాపట్ల కోర్టులో అటెండరు. లోపల జడ్జిగారి ముందుకు కేసు రాగానే వరండాలోకి వచ్చి ఆ కక్షిదారుల పేర్లు మూడుసార్లు పిలవడం ఆమె పని. ఆ పిలుపును నేనొకసారి రోడ్డు అవతల టీకొట్టు దగ్గర నిలబడి విన్నాను. ఆటోల మోత మీంచి గంట కొట్టినంత స్పష్టంగా వచ్చింది. ఆమె ఉత్త పేరు పిలవదు. పెద్దవాళ్ళయితే పేరు చివర 'గారు' చేరుస్తుంది, ఎవరైనా సరే 'రావాలండీ' అంటుంది. అలా పిలవమని ఆమెకెవరూ చెప్పలేదు. "కోర్టుకి రావడానికే సగం చచ్చి వస్తారు చెల్లీ, పిలుపులోనైనా కాస్త మర్యాద ఉండొద్దా?" అంది నాతో. అప్పటినుంచీ ఆమె అంటే నాకు గౌరవం.

తర్వాత ఆమెకి మెడ దగ్గర గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. గడ్డ మంచిదే, ప్రాణానికేం భయం లేదు. కానీ డాక్టరు ముందే హెచ్చరించినట్టు గొంతుకి వెళ్ళే నరం మొద్దుబారింది. ఆపా మాట గాలిలో కలిసిపోయింది. పెదవులు కదిలేవి, చెవి దగ్గర పెడితే ఏదో గుసగుస వినపడేది. కోర్టులో ఆమెను రికార్డు గదికి మార్చారు. పాపం, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? పిలుపు వినపడక మనిషి లోపలికి రాకపోతే కేసు మనిషి లేకుండానే నడిచిపోతుంది. వరండాలో పిలవడానికి కొత్తగా వచ్చిన ఒక కుర్ర అటెండరును పెట్టారు.

ఆ జనవరిలో అందరి కోరికలూ అయ్యాక ఆపా వంతు వచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "మళ్ళీ వరండాలో పిలవాలి" అంది. అది నేను అందరికీ వినపడేలా చెప్పాను. స్కూటర్లూ సన్నబడటాలూ దాని పక్కన చిన్నబోయాయి. టీచరమ్మ కళ్ళు తుడుచుకుని, "నీ గొంతు వచ్చేదాకా నా గొంతు వాడుకో ఆపా" అంది.

అక్కడే మేము పప్పులో కాలేశాం. ఆ రోజు నుంచి ఆపాను నోరు విప్పనివ్వలేదు. ఆమె జామకాయల వైపు చూస్తే టీచరమ్మ బేరం మొదలుపెట్టేది. ఫోన్ మోగితే లాక్కుని, "మీ అమ్మ బాగానే ఉంది, పెరుగు తెచ్చి పెట్టమంటోంది" అని ఆపా కొడుక్కి చెప్పేసేది. ఆపా ఒక ముక్క అనబోతే టీచరమ్మ పది ముక్కలు అనేది. అందులో ఎనిమిది సొంతం. నేనూ తక్కువ తినలేదు. ఎవరైనా కొత్తవాళ్ళు ఆపాను ఏదైనా అడిగితే, "ఆవిడ మాట్లాడలేరండి" అని నేనే ముందు జవాబిచ్చేదాన్ని. మేమెంత మంచివాళ్ళమో తలుచుకుని మాకు మేమే మురిసిపోయేవాళ్ళం.

వేసవి దాటాక ఆపా పెట్టెలో కనిపించడం మానేసింది. ఫోన్ చేస్తే కొడుకు ఎత్తి, అమ్మ డ్యూటీకి వెళ్ళిందనే అంటాడు. టీచరమ్మకి మహా కోపం వచ్చింది. "మనమేమన్నామనీ? కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాం కదా" అని రోజూ అప్పికట్ల దాకా అదే పాట.

ఒకరోజు నేను స్టేషనుకి ఆలస్యంగా వచ్చాను. కదులుతున్న బండిలో దొరికిన పెట్టె ఎక్కేశాను. మగవాళ్ళు, కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు, కాలు పెట్టే చోటు లేదు. ఆ గుంపు మధ్యలో ఆపా. ఎదురుగా నిలబడ్డ ఒక పెద్దమనిషితో, "కాస్త జరగండన్నా" అంటోంది. ఆయనకి వినపడలేదు. ఆమె భుజం తట్టలేదు, చెయ్యి ఊపలేదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. గొంతు చీరుకుపోయిన బట్టలా వచ్చింది. ఆయన ఇంకా సెల్‌ఫోనే చూస్తున్నాడు. నా నోటిదాకా మాట వచ్చింది. ఆపా నన్ను చూసి, వద్దన్నట్టు కళ్ళతోనే ఆపేసింది. ఇంకోసారి అడిగింది. ఈసారి ఆయన ఉలిక్కిపడి, "అయ్యో, చూసుకోలేదమ్మా" అని జరిగాడు.

తలుపు దగ్గర కాస్త చోటు దొరికింది. చక్రాల చప్పుడులో ఆమె మాట కోసం నేను వంగాల్సి వచ్చింది.

"గుంటూరులో గొంతు కసరత్తులు నేర్పే మేడమ్ ఉన్నారు చెల్లీ. బలవంతం పెట్టొద్దు, అలాగని మూలన పెట్టొద్దు, రోజూ మాట్లాడుతుంటేనే వస్తుంది అన్నారు. మీ పెట్టెలో నాకు నోరు తెరిచే పనే లేదు."

"చెబితే మేం ఊరుకునేవాళ్ళం కదా ఆపా?"

"చెప్పాను. టీచరమ్మ దాన్ని కూడా నా తరఫున మీకు ఇంకోలా చెప్పింది."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. ఇక్కడైతే ఆమె కథ ఎవరికీ తెలియదు, జాలిపడేవాళ్ళు లేరు. కావలసినదల్లా గొంతుతోనే తెచ్చుకోవాలి. చోటు అడగాలి, పల్లీలు అడగాలి, స్టేషను ఏదని తెలిసీ అడగాలి. కొందరు విసుక్కునేవాళ్ళు, కొందరు మూగదనుకునేవాళ్ళు. పొలాలు వచ్చాక తలుపు దగ్గర నిలబడి పిలుపు సాధన చేసేదట. కేసుల పేర్లు బయట పలకకూడదని, తన అత్తగారినీ మామగారినీ చనిపోయిన భర్తనూ ఒక్కొక్కరినే, మర్యాద తగ్గకుండా, 'రావాలండీ' అని పిలిచేది. నేను చదువుకున్న పుస్తకాల్లో ధైర్యం గురించి చాలానే ఉంది. ధైర్యం ఇలా ఉంటుందని, కిక్కిరిసిన పెట్టెలో పగిలిన గొంతుతో జరగండన్నా అంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

మరుసటి జనవరికి ఆపా మా పెట్టెకి తిరిగొచ్చింది. గొంతు సగం వచ్చింది. పాత గంటలాంటి గొంతు కాదు, బరువుగా, జీరగా, మగవాళ్ళ గొంతుకి దగ్గరగా ఉంది. కేకు టీచరమ్మే తెచ్చింది, అలక మాత్రం పోలేదు. ఆపా వంతు రాగానే తనే చెప్పింది.

"మళ్ళీ వరండాలో పిలవాలి."

"అది నిరుడు చెప్పేశావుగా" అంది టీచరమ్మ. "పాత కోరిక చెల్లదు ఆపా. అందరికీ ఒకటే రూలు."

"చెల్లకపోతే నేను కేకు తినను."

"అదేంటి, చిన్నపిల్లలా?"

"నాకు ఇంకో కోరిక లేదు టీచరమ్మా. ఏడాది అయిపోయింది గానీ నా పని అవలేదు." కాసేపు ఊపిరి తీసుకుని, "ఇంకొకటి. నా మాట నన్నే చెప్పుకోనివ్వండి. ఎంత ఆలస్యమైనా సరే" అంది.

నేను నా కోరికలన్నీ వెనక్కి తిరిగి చూసుకున్నాను. వాటిలో ఒక్కటైనా రెండో జనవరి దాకా మోసుకొచ్చినది లేదు. రూలు ఉందని మానేశానా, మానెయ్యడానికి రూలు దొరికిందా అంటే రెండోదే నిజం. టీచరమ్మ కత్తి తీసి కేకులో పెద్ద ముక్క కోసి ఆపా చేతిలో పెట్టింది. రూలు అప్పటితో రద్దయింది.

ఆ తర్వాత నేను బాగా మెచ్చుకోవలసిన రెండో మనిషి టీచరమ్మ. ఆపా మాట కోసం తడుముకుంటుంటే అందిద్దామని ఆవిడ ప్రాణం కొట్టుకులాడేది. కానీ నోట్లో జంతిక పెట్టుకుని కిటికీ వైపు తిరిగేది. సన్నబడాలన్న కోరిక ఉన్న రోజుల్లో కూడా ఆవిడ అంత నిగ్రహం చూపించలేదు.

కోర్టుకి వేసవి సెలవులు దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం బండిలో ఆపా సంగతి చెప్పింది. రేపు పిలిచి చూడమన్నారట. కుర్ర అటెండరు పక్కనే ఉంటాడు. ఆమెది వినపడకపోతే అతను అందుకుంటాడు, ఎవరి కేసుకీ నష్టం ఉండదు. "కానీ అతను అందుకోవలసి వస్తే నేనే రికార్డు గదికి వెళ్ళిపోతాను చెల్లీ. రిటైరయ్యేదాకా అక్కడే. వినపడని పిలుపు పిలిచి ఒకళ్ళ నోట్లో మట్టి కొట్టను." నేనూ టీచరమ్మా మర్నాడు పర్మిషన్ పెట్టాం.

కోర్టు ఆవరణ కిటకిటలాడుతోంది. మేము గేటు పక్కన నిలబడ్డాం. కాసేపటికి ఆపా వరండాలోకి వచ్చింది. ఇస్త్రీ చీర, తల మీద కొంగు, పొట్ట మీద చెయ్యి. ఒక పెద్దావిడ పేరు పిలిచింది. పిలుపు మెట్ల దాకా వచ్చి ఆటోల మోతలో కలిసిపోయింది. మెట్ల మీద కూర్చున్న ఇద్దరు తలెత్తి చూసి దించుకున్నారు. కుర్ర అటెండరు ఆమె వైపు చూశాడు. ఆమె చూడలేదు.

రెండోసారి పిలిచింది. మధ్యలో గొంతు జీరపోయి ఆగి, మళ్ళీ అందుకుంది. గారు అన్నది, రావాలండీ అన్నది, ఏదీ వదల్లేదు. ఎవరూ కదల్లేదు. టీచరమ్మ వేళ్ళు నా చేతిలో దిగబడ్డాయి. ఆవిడ ఒక్క కేక వేస్తే ఆ పేరు రైలు స్టేషను దాకా వినపడుతుంది. నోరు తెరవడం చూశాను. మూసుకోవడమూ చూశాను. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

ఆపా గోడకి ఆనుకుంది. కంగారు పడలేదు. ఊపిరి నిండా తీసుకుని, మూడోసారి, ఆ కొత్త గొంతుతోనే పిలిచింది. అరుపు కాదు. బరువైన పిలుపు, జనం మాటల కిందనుంచి సాగి వచ్చింది. మేమున్న గేటు దాటి వెళ్ళింది.

గేటు బయట చెట్టు కింద సంచి పక్కన పెట్టుకుని కూర్చున్న ముసలావిడ ఒకరు లేచారు. చీర దులుపుకుని, మమ్మల్ని తప్పుకోమని, "వస్తన్నానండీ" అంటూ జనంలోంచి నడిచారు. మెట్లెక్కి వరండాలో అటూ ఇటూ చూశారు. కుర్ర అటెండరు ముందు ఆగి అడిగారు.

"నన్ను పిలిచింది నువ్వేనా నాయనా?"

అతను జవాబు చెప్పేలోపే ఆపా ఒక అడుగు ముందుకు వేసింది.

"నేనేనండి" అంది.